బోరింగు నీళ్లు, నెలకు వెయ్యి రూపాయలు

ఈసారి ఉత్తరం నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి వచ్చింది. రూళ్ల కాగితం మీద పదకొండు పేజీలు. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేసి సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

రాసినామెకు నలభై ఏడేళ్లు. ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడతారు. భర్త హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు వాచ్‌మన్, పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు. ఒక్కతే కూతురు, నర్సింగ్ చదువుతోంది. అదే ఇంట్లో పక్క గదిలో తమ్ముడు ఉంటాడు. అతనికి నలభై. చిన్నప్పుడే ఫ్లోరైడ్ వల్ల కాళ్లు వంకరపోయాయి. ఇప్పుడు నడుము, మెడ కూడా బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వస్తోంది. పెళ్లి కాలేదు, అమ్మానాన్న లేరు. వసారాలో చిన్న బల్ల వేసుకుని సెల్‌ఫోన్లు రీచార్జ్ చేస్తాడు, పగిలిన అద్దాలు మారుస్తాడు.

1988లో ఈమెకు పదేళ్లు, తమ్ముడికి మూడు. ఆమె మాటల్లోనే: "మంచినీళ్ల బావి ఊరి అవతల చింతచెట్ల కింద. పోయి రావాలంటే అరగంట. ఆ ఏడే మా గల్లి మొదట్ల బోరింగు వేసిండ్రు. బోరింగు నీళ్లతో పప్పు ఉడకదని అమ్మ బావి నీళ్లే తెమ్మనేది. నేను బోరింగు కాడ బిందె నింపి, బావి దాక పోయి వచ్చినంత సేపు దోస్తులతో ఆడి, బావి నీళ్లే అని చెప్పి దించేదాన్ని. రెండేండ్లు అట్లనే చేసిన. తమ్ముని కాళ్లు వంగుడు మొదలైనంక చెప్పనీకి ధైర్యం రాలే. అమ్మ పోయింది, నాయిన పోయిండు. ఇప్పటిదాక ఎవ్వరికీ చెప్పలే."

2003లో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటి నుంచి ఈ పాపాన్ని దేవుని ముందు ఎన్నిసార్లు ఒప్పుకున్నారో లెక్కలేదు. ఒప్పుకున్న పూట తేలికగా ఉంటుందట, తెల్లారేసరికి మళ్లీ అదే బరువు. 2023 చివరి నుంచి ప్రభువు బల్ల (యేసు జ్ఞాపకంగా సంఘంలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవడం మానేశారు, అయోగ్యంగా తింటే శిక్ష అని భయం. కిందటేడు ఉజ్జీవ కూటాల్లో ఒక ప్రసంగీకుడు బైబిల్లో దోపుడు సొమ్ము దాచిన ఆకాను గురించి చెబుతూ, దాచిన పాపం ఇంట్లో రోగమై బయటపడుతుందన్నాడు. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు, మూడింటికల్లా మెలకువ వస్తోంది. ఏదో బరువు మోస్తోందని కనిపెట్టిన పాస్టరమ్మ, సంఘం ముందు నిలబడి ఒప్పుకో, విడుదల వస్తుందని చెప్పారట.

పదో పేజీ చివర్లో ఇంకొకటి రాశారు. తమ్ముడికి వికలాంగుల పింఛన్ వస్తుంది. పోస్టాఫీసులో వేలిముద్ర అతనిది, డబ్బు లెక్కపెట్టి తీసుకునేది అక్క. 2023 జులై నుంచి 3,016 కాస్తా 4,016 అయింది. ఆ పెరిగిన వెయ్యి సంగతి తమ్ముడికి చెప్పకుండా, నెల నెలా తీసి కూతురి హాస్టల్ ఫీజుకు వాడుకున్నారు. పద్నాలుగు నెలలు. 2024 సెప్టెంబరులో "ఈ నెల నుంచి పెరిగిందట తమ్మీ" అని చెప్పి, అప్పటి నుంచి మొత్తం ఇస్తున్నారు. భర్తకు కూడా తెలియదు.

ఆమె అడిగింది ఇదీ: "రోమా 8:1 నాకు కంఠతా వచ్చు. శిక్షావిధి లేదంటది. మరి నా లోపల ఈ శిక్ష ఎందుకు ఆగుతలేదు? నేను అసలు విశ్వాసినేనా?"

చెల్లెమ్మా, మీకు వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు మొదటి నుంచి చదివాను, మూడోసారి చివరి నుంచి చదివాను. అలా చదివినప్పుడే నాకు సంగతి అందింది. పదకొండు పేజీల్లో తొమ్మిదిన్నర నీళ్ల గురించే. పింఛన్ గురించి పదమూడు లైన్లు. దానికి ముందు "ఇంకో చిన్న ముచ్చట" అని రాసి, "చిన్న" అన్న మాట కొట్టేసి, పైన మళ్లీ "చిన్న" అనే రాశారు. ఆ కొట్టివేత దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ముందు నీళ్ల లెక్క తేలుద్దాం. నేను పాస్టరమ్మను కాను. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరైన పాలమూరుదాన్ని, అందులో కొన్నేళ్లు మీ జిల్లాలోనే చేశాను. అందుకే వాక్యం తెరిచే ముందు పళ్ల గురించి మాట్లాడతాను.

మీ ముందు పళ్లకు గార ఉందని, పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినప్పుడే సుద్దలా వచ్చి తర్వాత గోధుమ రంగుకు తిరిగాయని, కూతురి కాలేజీకి వెళ్లినప్పుడు నవ్వు వస్తే కొంగు అడ్డం పెట్టుకుంటారని నాలుగో పేజీలో రాశారు. ఊళ్లో మీ ఈడు వాళ్లందరికీ అంతేనన్నారు. క్యాంపుకు వచ్చిన పళ్ల డాక్టరు అది ఫ్లోరైడ్ గారే అని చెప్పాడన్నారు. ఆ మాట మీరు ఏదో మాటల్లో మాటగా రాశారు కానీ, మీ కేసులో అసలు సాక్ష్యం అదే. ముందు పళ్ల పైపొర చిగురు లోపల తయారయ్యేది అయిదారేళ్ల వయసు లోపే. ఆ వయసు దాటాక తాగిన నీళ్లు ముందు పళ్ల మీద ఆ గార పెట్టలేవు. అంటే మీకు అయిదారేళ్లు వచ్చేనాటికే ఒంట్లోకి ఫ్లోరైడ్ చేరింది. బోరింగు పడింది మీకు పదేళ్లప్పుడు. అంతకు ముందు మీ ఇంట్లో తాగింది ఏ నీళ్లు? చింతచెట్ల కింది బావి నీళ్లే కదా.

ఇన్నేళ్లూ మీరు అమృతం అనుకుంటున్న ఆ బావిలో కూడా అదే ఉంది, చెల్లెమ్మా. రుజువు మీ నోట్లోనే ఉంది.

బావి కంటే బోరింగులో ఎక్కువ ఉండొచ్చు. చాలా ఊళ్లలో లోతుకు పోయేకొద్దీ ఎక్కువే. మీ నేల కింద రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది, ఆ రాళ్ల సందుల్లో నిలిచిన నీళ్లలోకి కరిగి వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్లు, ఇంకా ఎక్కువైతే ఎముకలు దెబ్బతింటాయి. సరైన తిండి, కాల్షియం అందని పిల్లలకైతే కాళ్లు వంకరపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది. మీరు మోసిన ఆ రెండేళ్ల బిందెల వంతు అందులో ఎంత అంటే ఈ రోజు ఏ డాక్టరూ చెప్పలేడు. మీరూ చెప్పలేరు. చెప్పలేని దానికి మీరే తీర్పు రాసేసుకున్నారు.

ఇంకొకటి. మీ అమ్మ బావి నీళ్లు తెమ్మన్నది ఎందుకు? పప్పు ఉడకడానికి. ఆమెకు ఫ్లోరైడ్ సంగతి తెలిసి, చెప్పి, మీరు విననిది కాదు. ఆ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, కాచినా విషం పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పదేళ్ల పిల్ల దాన్ని ఎలా పట్టుకుంటుంది?

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో బావి నీళ్లతో నారికురుపు వస్తుంది, కలరా వస్తుంది, బోరింగు నీళ్లే తాగండి అని ఊరూరా తిరిగి చెప్పినవాళ్లలో నేనొకదాన్ని. అప్పుడు నాకు ఇరవై ఆరో, ఇరవై ఏడో. చదువుకున్నదాన్ని, ఒంటిమీద తెల్ల చీర, మాటకు విలువ. మీకు పదేళ్లు, చేతిలో బిందె. నేను చెప్పిన మాటలో అబద్ధం లేదు, నారికురుపు రాకుండా అది నిజంగానే కాపాడేది. కానీ అదే నీళ్లలో ఇంకో గండం ఉందని అప్పుడు నాకు తెలియదు. ఇప్పటికీ మునుగోడు, నాంపల్లి వైపు వెళ్లినప్పుడు నడుము వంగిన మనిషి ఎదురైతే నాకు గొంతు పట్టుకుంటుంది. కానీ దాన్ని పాపమని ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఎందుకంటే అది పాపం కాదు. అది బాధ. బాధకు ఏడవాలి. క్షమాపణ అడిగితే అది తగ్గదు, దానికి క్షమాపణ ఎక్కడ అతకాలో తెలియదు కాబట్టి. మీరు ఇరవై రెండేళ్లుగా చేస్తున్నది అదే.

అమ్మతో అబద్ధం చెప్పారు, అది నిజమే. పదేళ్ల పిల్ల చెప్పిన అబద్ధం, దాని సైజు దానిది. మీ కూతురు ఆ వయసులో స్కూల్ ఎగ్గొట్టి కడుపునొప్పి అని ఉంటే ఎంత తిట్టేవారో, అంతే. దాన్ని మీరు 2003లోనే ఒప్పుకున్నారు. అది అయిపోయింది.

ఆకాను ప్రసంగం గురించి నాకు కొంచెం కోపంగానే ఉంది. ఆకాను కథ యెహోషువ 7లో ఉంది, వాడు దోచింది గుడారం కింద పాతిపెట్టిన మాట నిజం. కానీ దాన్ని తీసుకొచ్చి ఫ్లోరైడ్ ఊళ్లో, వంకర కాళ్ల మనుషులు ముందు వరుసలో కూర్చున్న పందిట్లో, రోగం దాచిన పాపానికి గుర్తు అని చెప్పడం ఏమిటి? మీ మండలంలో కాళ్లు వంగిన ప్రతి ఇంట్లో ఒక ఆకాను ఉన్నాడా? యేసు దగ్గరికి శిష్యులు సరిగ్గా ఇదే ప్రశ్న తెచ్చారు: ఈ గుడ్డివాడు పుట్టుకతోనే ఇలా ఉండడానికి పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా? ఇద్దరూ కాదన్నాడు ఆయన. యోహాను 9లో ఉంది, ఈ రాత్రి తీసి చదవండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మిగతా వాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని ఆయనే అడిగాడు. ఆ ప్రసంగీకుడు కూడా మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, కాదనను. మాట మాత్రం తప్పు.

నీళ్ల లెక్క ఇంతటితో సరి. ఇప్పుడు పదో పేజీకి వద్దాం.

మీరు గమనించారో లేదో, బోరింగు సంగతి మనసులో పెట్టుకునే 2003లో బాప్తిస్మం తీసుకున్నారు, అదే మనసులో పెట్టుకుని ఇరవై ఏళ్లు ప్రభువు బల్ల కూడా తీసుకున్నారు. ఏడ్చారు, తీసుకున్నారు. మానేసింది 2023 చివర్లో. ఆ బోరింగు 2023లో పడలేదు కదా. ఆ ఏడాది కొత్తగా మొదలైంది ఒక్కటే, నెలకు వెయ్యి రూపాయలు.

నాకు అనిపిస్తున్నది చెబుతాను, తప్పైతే మీరే దిద్దండి. బోరింగు పెద్ద దుఃఖం, చెప్పుకుంటే మనిషి మీద జాలి పుడుతుంది. పింఛన్ చిన్న దొంగతనం, చెప్పుకుంటే సిగ్గు పుడుతుంది. జాలి పుట్టేదాన్ని ముందు పెట్టి, సిగ్గు పుట్టేదాన్ని దాని వెనక దాచారు. కావాలని కాదు, మనసు తనంతట తానే అలా సర్దుకుంటుంది. ఫలితం ఏమైందంటే, తప్పు లేనిచోట వందసార్లు క్షమాపణ అడిగారు, తప్పు ఉన్నచోట ఒక్కసారి కూడా సూటిగా అడగలేదు. ఒప్పుకున్న మర్నాడే బరువు తిరిగి వస్తోందంటే రాదా మరి, అసలు బరువును మీరు ఆయన ముందు దించనే లేదు.

క్రైస్తవ సంఘాన్ని సంస్కరించిన మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి ఒప్పుకోలు చేసేవాడు. లేచి వెళ్లి, ఇంకోటి గుర్తొచ్చిందని మళ్లీ వచ్చేవాడు. అతని గురువు స్టౌపిట్జ్ విసిగిపోయి, ఊహించుకున్న పాపాలు కాదు, నిజమైన పాపాలు తీసుకురా, క్రీస్తు వచ్చింది నిజమైన పాపుల కోసం అన్న అర్థంలో మందలించాడని చెబుతారు. ఆ మందలింపులో ఉన్న ఆదరణ లూథర్‌కు తర్వాత గానీ అర్థం కాలేదు. మీకు కూడా నేను అదే చెబుతున్నాను. మీ దగ్గర ఒక నిజమైన పాపం ఉంది. దాన్ని తీసుకెళ్లండి. క్షమాపణ పట్టేది దానికే.

మీరు కంఠతా పట్టిన వచనం చూద్దాం. "క్రీస్తుయేసునందున్న వారికి ఏ శిక్షావిధియు లేదు." శిక్షావిధి కోర్టు మాట. జడ్జి కూర్చుని వేసే తీర్పు. రాత్రి మూడింటికి గుండె దడ రాదని ఆ వచనం ఎక్కడా చెప్పలేదు. దానికి కాస్త పైనే, ఏడో అధ్యాయం చివర, ఆ పత్రిక రాసిన పౌలే తాను ఎంత దౌర్భాగ్యుణ్ణో అని మొత్తుకుంటున్నాడు. అధ్యాయాల అంకెలు ఎన్నో వందల ఏళ్ల తర్వాత పెట్టినవి, ఆయన ఉత్తరంలో ఆ మొత్తుకోలుకూ ఈ తీర్పుకూ మధ్య గీత లేదు. మీ లోపల దడ ఉన్నంత మాత్రాన పైకోర్టు తీర్పు మారదు. మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని యోహాను తన మొదటి పత్రికలో రాసింది మీలాంటి వాళ్లకే. విశ్వాసినేనా అని అడిగారు. విశ్వాసి కానివాళ్లు పద్నాలుగు వేల కోసం ఇన్ని రాత్రులు నిద్ర పోగొట్టుకోవడం నేను పెద్దగా చూడలేదు.

కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, మన మీద ఉన్న ఋణపత్రాన్ని ఆయన సిలువకు మేకులతో కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచేశాడని ఉంది. మన దగ్గర దాన్ని నోటు కాగితం అంటాం. అప్పు తీరాక షావుకారు కాగితం తెచ్చి చేతికిస్తే, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉన్న చోటు చించి పారేసి గానీ మనవాళ్లు ఊపిరి పీల్చుకోరు. నీళ్ల విషయంలో మీ పేరు మీద కాగితమే రాయలేదు, మీరు ఊరికే వడ్డీ కడుతున్నారు. పింఛన్ విషయంలో కాగితం ఉంది. దేవుని దగ్గర అది సిలువ మీదే చినిగింది, మీరు ఒప్పుకుంటే చాలు. తమ్ముడి దగ్గర మాత్రం పద్నాలుగు వేల బాకీ అలాగే ఉంది. ఈ రెండు లెక్కలూ కలపొద్దు. డబ్బు తిరిగి ఇచ్చి దేవుని క్షమాపణ కొనలేరు, దేవుడు క్షమించాడు కదా అని తమ్ముడి డబ్బు ఎగ్గొట్టనూ లేరు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కథలో వరస చూడండి. యేసు ముందు అతని పేరు పెట్టి పిలిచి, అతని ఇంటికే వచ్చాడు. నాలుగింతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాత.

ఇప్పుడు ఏం చేయాలి? మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి. ఏది పట్టుకుంటారో మీ ఇష్టం, ఏ దారిలో ఏం తగులుతుందో మాత్రం నేను చెబుతాను.

మొదటిది, ఎవరికీ చెప్పకుండా డబ్బు సర్దేయడం. పండుగకు చొక్కా కొనిచ్చాను, కొత్త ఫోను కొనిస్తాను, అది సరిపోదా అని మీరు అడిగారు. డబ్బు లెక్కకు సరిపోతుంది. ఇంట్లో గొడవ ఉండదు. కానీ తన డబ్బుతో కొన్న ఫోనుకు తమ్ముడు మీకు "చాలా థ్యాంక్స్ అక్కా" అంటాడు చూడండి, ఆ మాట మీకు గుచ్చుకుంటుంది. దొంగతనం తీరి, దయగల అక్క అన్న పేరు మిగులుతుంది, అది ఇంకో అబద్ధం. నాకు ఈ దారి నచ్చలేదు. అయినా మీకు ఇప్పుడు ఇంతే చేతనైతే, ఏమీ చేయకపోవడం కంటే నయం.

రెండోది, తమ్ముడికి సూటిగా చెప్పి ఇవ్వడం. మీ భయం, అతను నన్ను ఇంకెప్పుడూ నమ్మడేమో అని. ఒక మాట అడుగుతాను. పొద్దస్తమానం వసారాలో కూర్చుని ఊరందరి ఫోన్లూ పట్టుకునే మనిషి. పింఛన్ పెరిగిన సంగతి ఊరంతా చెప్పుకుంది, టీవీల్లో వచ్చింది. పోస్టాఫీసులో వేలిముద్ర వేసేది అతనే. నాలుగు వేల పదహారు అన్న మాట పద్నాలుగు నెలల పాటు అతని చెవిన పడలేదంటారా? మీరు "ఈ నెల నుంచి పెరిగిందట" అన్నప్పుడు అతను నవ్వి "మంచిదే కదక్కా" అన్నాడని రాశారు. అతనికి తెలుసని నేను గట్టిగా చెప్పలేను. తెలిసే ఊరుకుని ఉండొచ్చని మాత్రం అనుకుంటున్నాను. మేనకోడలి ఫీజని కూడా ఊహించి ఉండొచ్చు. అదే నిజమైతే, మీరు దాచుకుంటున్న సంగతిని అతను కూడా దాచుకుంటున్నాడు, మీ పరువు కోసం. మీరు చెబితే ఇద్దరి బరువూ దిగుతుంది.

తెలియకపోతే కోపం వస్తుంది. రానివ్వండి. "ఇకమీదట నా డబ్బు నేనే తీసుకుంటా" అనొచ్చు. అది అతని హక్కు, అలిగి మాట్లాడకుండా ఇచ్చేయండి. వారం పది రోజులు మాటలు లేకపోవచ్చు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లు, ఆ మౌనం ఎంత కష్టమో నాకు తెలుసు.

భర్తకు చెప్పాలా? ఇంట్లోంచి పద్నాలుగు వేలు బయటికి వెళ్తుంటే అతనికి తెలియకుండా ఎలా? చెప్పకుండా ఇస్తే ఒక రహస్యం తీర్చడానికి ఇంకో రహస్యం పుడుతుంది. తమ్ముడి కంటే ముందు ఆయనకు చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. అరుస్తాడని రాశారు. కొడతాడని రాయలేదు. ఆ భయం కూడా ఉంటే మాత్రం ముందు తమ్ముడికి చెప్పి, ఇద్దరూ కలిసి ఆయనకు చెప్పండి. కూతురికి ఇప్పుడే వద్దు, చదువు మధ్యలో తన మీద ఆ భారం వేయకండి.

మూడోది పాస్టరమ్మ చెప్పిన దారి, సంఘం ముందు సాక్ష్యం. కొందరికి దానివల్ల మేలు జరిగింది, కాదనను. కానీ తప్పు ఎంతమంది మీద జరిగిందో ఒప్పుకోలు అంతమంది దగ్గర జరిగితే చాలు. ఇది మీకూ తమ్ముడికీ మధ్య సంగతి. మైకులో చెబితే మధ్యాహ్నానికి ఊరంతా తిరిగి, సాయంత్రానికి అతని రీచార్జ్ బల్ల దగ్గరికి వస్తుంది, అదీ మీ నోటితో కాదు. సంఘం పైసలు కాదు కదా మీరు తీసింది. పాస్టరమ్మకు విడిగా చెప్పి ప్రార్థన చేయించుకోండి, అది చాలు.

బోరింగు సంగతి తమ్ముడికి చెప్పాలా అని కూడా అడిగారు. పింఛన్ సంగతితో కలిపి మాత్రం చెప్పొద్దు. అప్పుడు అది మళ్లీ ముందుకొచ్చి రెండోదాన్ని కప్పేస్తుంది, అతను మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. కొన్ని నెలలు పోయాక, ఒక సాయంత్రం, గల్లీ మొదట్లోని ఆ బోరింగు గుర్తుందా అని మాట తీయండి. క్షమాపణగా కాదు, చిన్ననాటి ముచ్చటగా.

ప్రభువు బల్ల గురించి. మొదటి కొరింథీయులకు పదకొండో అధ్యాయంలో అయోగ్యముగా అన్న మాట చూసి ఆగిపోయారు. దాని వెంటే ఉన్నది చదవండి: ప్రతి మనిషి తన్ను తాను పరీక్షించుకొని, "ఆలాగుచేసి" ఆ రొట్టె తిని, ఆ పాత్రలోనిది తాగాలి. పరీక్షించుకుని మానుకోవాలని లేదు. అక్కడ పౌలు కోప్పడింది కూడా, ఉన్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టినందుకు. మా అమ్మ మొదటి ఆదివారానికి ముందు శనివారం పొద్దుగూకాక పక్కింటికి వెళ్లేది. వాళ్ల కోడి మా వడ్లు తిన్నదని వారమంతా తిట్టిపోసి, శనివారం మాత్రం గడప దగ్గర నిలబడి "రేపు బల్ల ఉంది వదినా" అనేది. ఇంకేం అనేది కాదు. అవతలామె మంచినీళ్లిచ్చేది. సోమవారం కోడి మళ్లీ వచ్చేది. తమ్ముడికి చెప్పే రోజు ఖాయం చేసుకున్నాక మీరు బల్లకు రావచ్చని నా నమ్మకం, ఆఖరి రూపాయి తీరేదాకా ఆగాల్సిన పనిలేదు.

నిద్ర సంగతి నర్సుగా చెబుతున్నాను. ఇవన్నీ చేశాక కూడా రెండు మూడు వారాల్లో మూడింటి మెలకువ పోకపోతే, అన్నం సయించకపోతే, బతకడం దేనికి అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది విశ్వాసం తక్కువై కాదు, ఒంటికి వచ్చిన జబ్బు. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. షుగర్ మాత్ర వేసుకుంటూ ప్రార్థన చేసుకున్నట్టే ఇదీ.

చివరిగా, ఏమని చెప్పాలో మాటలు దొరకడం లేదన్నారు. ఎక్కువ మాటలు అక్కర్లేదు. "తమ్మీ, పింఛన్ పెరిగింది నేను చెప్పినప్పుడు కాదు, 2023 జులైలనే. పద్నాలుగు నెలలు నెలకు వెయ్యి నేను తీసుకున్న. బిడ్డ ఫీజు కట్టిన. నీకు అబద్ధం చెప్పిన. తప్పు చేసిన." ఇంతే. ఫీజు మాట ఒక్కసారికి మించి అనొద్దు, రెండోసారి అంటే అది సాకు అవుతుంది. ఏడుపొస్తే రానివ్వండి కానీ, అతను ఓదార్చేదాకా ఏడవకండి.

లేవీయకాండంలో, తీసుకున్నదానికి అయిదో వంతు కలిపి ఇమ్మని ఉంది. ఆ లెక్కన పదహారు వేల ఎనిమిది వందలు. అది మీకు ఇప్పుడు చట్టం కాదు, మనసుంటే ఇవ్వండి, లేకపోతే అసలు పద్నాలుగు వేలు చాలు. అతను వద్దంటే ఇంకోసారి అడగండి, అప్పటికీ వద్దంటే బలవంతపెట్టకండి. ఒకేసారి అంత లేదంటే నెలకు వెయ్యి చొప్పున పద్నాలుగు నెలలు, పింఛన్ తెచ్చుకునే రోజే ఇవ్వండి. ఈసారి పోస్టాఫీసులో డబ్బు మీ చేతిలోకి తీసుకోకండి. నోట్లు అతనికే ఇమ్మనండి. మెడ తిప్పలేడు, లెక్కపెట్టడానికి చాలాసేపు పడుతుంది. పక్కన నిలబడి, లెక్కపెట్టుకోనివ్వండి.